చిన్న ఊళ్ళ విమానాలు: నష్టం ఎవరి పద్దులో?

సంపాదకులకు,

అయ్యా,

చిన్న పట్టణాల విమాన సర్వీసులు ఒకటొకటిగా ఆగిపోతున్న తీరుపై ఇటీవల మీ పత్రిక రాసిన సంపాదకీయం చదివాను. అందులోని ఆవేదనతో నాకు పేచీ లేదు. కానీ కారణం దగ్గరికి వచ్చేసరికి ‘తగినంత మంది ప్రయాణికులు లేకపోవడమే’ అని ఒక్క వాక్యంలో తేల్చేయడం మాత్రం నాకు సమ్మతంగా లేదు. బెంగళూరులో ఒక ట్రావెల్ ఏజెన్సీలో టికెట్లు రాసే పనిలోనే ఉద్యోగ జీవితమంతా గడిపినవాణ్ణి కాబట్టి, పెద్ద విమాన సంస్థలు చిన్న ఊళ్ళ కోసమని పెట్టిన అనుబంధ సంస్థలు ఎలా పుట్టాయో, ఎలా మూతపడ్డాయో కౌంటర్ ఇవతల కూర్చుని చూస్తూ వచ్చాను. వాటిలో చాలావాటి గతి ప్రయాణికుల సంఖ్యతో కాక, మాతృసంస్థకూ వాటికీ మధ్య పద్దులు పంచుకున్న తీరుతోనే ఖాయమైపోయిందన్నది నా అభిప్రాయం. ఇందుకు వాయుదూత్ చరిత్ర ఒక్కటి చాలినంత సాక్ష్యమిస్తుంది గనుక అక్కడినుంచే మొదలుపెడతాను.

వాయుదూత్‌ను 1981 జనవరిలో ఇండియన్ ఎయిర్‌లైన్స్, ఎయిర్ ఇండియా కలిసి నెలకొల్పాయి. అప్పట్లో దేశం లోపలి ప్రయాణాలు ఒకదానివి, విదేశీ ప్రయాణాలు మరొకదానివి. రెండూ ప్రభుత్వ సంస్థలే. ఈశాన్య రాష్ట్రాల కొండప్రాంతాలకు విమానం నడపాలన్నది మొదటి ఉద్దేశం. రోడ్డు మీద రెండు రోజులు పట్టే దూరాన్ని గంటలో దాటించే ఆ ఏర్పాటు అక్కడ నిజంగా అవసరమే. అయితే ఒకసారి విమానం అంటూ వచ్చాక ‘మా జిల్లాకూ వేయండి’ అనే వినతులు దేశమంతటి నుంచీ మొదలయ్యాయి. ఎనభైల చివరికి వచ్చేసరికి వంద ఊళ్ళ దాకా వాయుదూత్ పటంలోకి ఎక్కాయి. మన రాజమండ్రి, విజయవాడ కూడా వాటిలో ఉన్నాయి. అంత వేగంగా ఊళ్ళు పెరిగిన సంస్థకు అదే వేగంతో విమానాలు గానీ, పైలట్లు గానీ, విడిభాగాలు గానీ సమకూరలేదు. ఎందుకంటే ఏ ఊరికి విమానం వేయాలో నిర్ణయించేవారు ఒకరు, దాని ఖర్చు భరించవలసినవారు మరొకరు.

మొదట్లో దాని చేతికి వచ్చినవి ఇండియన్ ఎయిర్‌లైన్స్ వాడుకుని పక్కన పెడుతున్న ఫోకర్ ఫ్రెండ్‌షిప్‌లు, ఆవ్రోలు. అన్న తొడిగి విడిచిన చొక్కా తమ్ముడికి ఇచ్చినట్టు పాత విమానాలు అందాయన్నమాట. ఆ తర్వాత పందొమ్మిది సీట్ల డోర్నియర్ 228లు వచ్చాయి. జర్మన్ సంస్థతో లైసెన్సు ఒప్పందం చేసుకుని వాటిని ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్ఏఎల్ కాన్పూరులో తయారు చేసింది. ఆ విమానం ఎక్కినవారికి గుర్తుండే ఉంటుంది: రెండు రెక్కలూ నెత్తిమీద ఉండేవి, నడవకు అటొక సీటు, ఇటొక సీటు, ముందు వరుసలో కూర్చుంటే పైలట్ల భుజాల మీదుగా గడియారాల్లాంటి మీటర్లన్నీ కనిపించేవి. లోపల గాలి ఒత్తిడిని నిలిపే ఏర్పాటు లేనందువల్ల పదివేల అడుగుల దరిదాపుల్లోనే ఎగరవలసి వచ్చేది. వానాకాలపు మేఘాలూ కుదుపులూ ఉండేది సరిగ్గా ఆ ఎత్తులోనే. పెట్టెలతోపాటు మనుషులనూ తూకపు యంత్రం ఎక్కించే సందర్భాలు ఉండేవి. చేతిసంచీ పట్టుకుని పదిమంది ఎదుట తూకానికి నిలబడడం పెళ్ళికి వెళ్ళే పెద్దమనుషులకు ఎంత ఇబ్బందో టికెట్ అమ్మిన మాకే తెలుసు, తర్వాత తిట్లు తినేది మేమే కాబట్టి.

ఈ పందొమ్మిది సీట్ల లెక్కను కాస్త నిదానంగా చూడాలి. విమానం చిన్నదైనంత మాత్రాన దాని ఖర్చంతా చిన్నది కాదు. పెద్ద జెట్‌కు ఇద్దరు పైలట్లు, దీనికీ ఇద్దరే. రన్‌వే పక్కన అగ్నిమాపక బండి, టవర్‌లో మనిషి, కౌంటర్‌లో గుమాస్తా, వాతావరణ సమాచారం అన్నీ దానికెలాగో దీనికీ అలాగే కావాలి. ఆ ఖర్చును అక్కడ నూటయాభై మంది మీద పంచితే ఇక్కడ పందొమ్మిది మంది మీదే పంచాలి. కాబట్టి ప్రతి సీటూ నిండినా గిట్టుబాటు కాని ఛార్జీతో నడపమని చెప్పి, ఆ తేడాను ఎవరు ఎంత చెల్లిస్తారో మాత్రం రాతపూర్వకంగా చెప్పకపోతే, అలాంటి సంస్థ ఎంత బాగా పనిచేస్తే అంత ఎక్కువగా నష్టపోతుంది. వాయుదూత్‌కు జరిగింది ఇంచుమించు ఇదే. సేవ పేరిట నడిపిన ప్రతి సర్వీసూ ఏడాది చివర నష్టంగానే కనబడింది.

మరో సంగతి కూడా ఉంది. దీన్ని మా వృత్తిలో ఉన్నవారు తప్ప సాధారణంగా ఎవరూ గమనించరు. చిన్న ఊరి నుంచి వచ్చే ప్రయాణికుడు చాలావరకు ఆ పక్క నగరం దగ్గరే ఆగిపోడు. అక్కడినుంచి ఢిల్లీకో బొంబాయికో, ఇంకా పైకి గల్ఫ్‌కో పెద్ద విమానం ఎక్కుతాడు. అతణ్ణి నగరం దాకా తెచ్చినందుకు చిన్న సంస్థకు దక్కేది చిన్న ముక్క ఛార్జీ. అసలు డబ్బంతా పెద్ద విమానం నడిపే మాతృసంస్థ ఖాతాలోనే పడుతుంది. ఆ చిన్న సర్వీసే లేకపోతే అతను రైలెక్కి పోయేవాడు, పెద్ద విమానంలో సీటు ఖాళీగా పోయేది. అయినా ఏడాది చివరి లెక్కల్లో చిన్న సంస్థకు నష్టం, పెద్ద సంస్థకు లాభం. రెండింటినీ కలిపి చూసే లెక్క ఒకటి ఉంటే వాయుదూత్ నష్టం కాగితం మీద కనిపించినంత ఉండేది కాదని నేను నమ్ముతాను.

ప్రమాదాల సంగతి క్లుప్తంగానే చెబుతాను. 1988 అక్టోబరు 19న గౌహతి దగ్గర వాయుదూత్ ఫోకర్ కూలి 34 మంది చనిపోయారు. అదే రోజు అహ్మదాబాదులో ఇండియన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ కూలి 133 మంది పోవడంతో గౌహతి వార్త వెనక్కి వెళ్ళిపోయింది. మరుసటి ఏడాది సెప్టెంబరు 23న పుణే నుంచి హైదరాబాద్ బయలుదేరిన డోర్నియర్ ఉజని జలాశయంలో పడి అందులోని 11 మందీ మరణించారు. దాంతో చిన్న విమానమంటేనే జనంలో ఒక బెదురు మొదలైంది.

ఇంతలో మాతృసంస్థకే కష్టాలు వచ్చాయి. 1990 ఫిబ్రవరి 14న ఇండియన్ ఎయిర్‌లైన్స్ కొత్త ఎయిర్‌బస్ ఏ320 మా బెంగళూరు హెచ్ఏఎల్ విమానాశ్రయంలో దిగబోతూ పక్కనే ఉన్న గోల్ఫ్ మైదానంలో కూలింది. 92 మంది చనిపోయారు. పాత ఎయిర్‌పోర్ట్ రోడ్డు పరిసరాల్లో అప్పట్నుంచీ ఉంటున్నవారు ఆ మధ్యాహ్నాన్ని ఇప్పటికీ తలుచుకుంటారు. ఆ తర్వాత ఆ రకం విమానాలన్నిటినీ నెలల తరబడి నేలమీదే నిలిపేశారు. కొన్న విమానాలు ఎగరక, అప్పుల వడ్డీ ఆగక, ఆ వెంటనే ఎయిర్ టాక్సీల పేరుతో ప్రైవేటు సంస్థలు పోటీకి దిగి పైలట్లను ఎక్కువ జీతాలకు లాక్కుపోతుండగా ఇండియన్ ఎయిర్‌లైన్స్ తన ఇల్లు చక్కబెట్టుకోలేని స్థితికి వచ్చింది. సరిగ్గా ఆ స్థితిలో, 1993లో, వాయుదూత్‌ను తెచ్చి దానిలో కలిపారు. కలిపిన చోట దాని పనిని తమ పనిగా చూసేవారు లేరు. 1997 నాటికి వాయుదూత్ కథ ముగిసింది.

అప్పటికే మరొకటి పుట్టింది. 1996లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ అలయన్స్ ఎయిర్‌ను ప్రారంభించి, ఏ320లు వచ్చాక తనకు పాతబడిన బోయింగ్ 737-200లను దానికి అప్పగించింది. 2000 జులై 17న పట్నాలో దాని విమానం ఇళ్ళ మీద కూలి, నేలమీద ఉన్నవారితో కలిపి 60 మంది చనిపోయినప్పుడు దేశమంతా విమానం పాతదనాన్ని తప్పుపట్టింది. నిజానికి విచారణలో తేలింది దిగే ముందు పైలట్లు విమానాన్ని నడిపిన తీరులోని లోపం. విమానం వయసు కారణం కాదు. ఈ ముక్క ఎందుకు చెబుతున్నానంటే, అనుబంధ సంస్థ అనగానే ‘సెకండ్ హ్యాండ్ సరుకు’ అన్న అనుమానం ఎంత గట్టిగా నాటుకుపోయిందో దీనివల్ల తెలుస్తుంది. ఆ అనుమానాన్ని నాటింది మాతృసంస్థే. తర్వాత అలయన్స్ ఎయిర్ ఏటీఆర్‌లకు, అంటే ప్రొపెల్లర్లతో నడిచే చిన్న విమానాలకు, మారి, చిన్న రన్‌వేల మీద మంచి పని చేసింది, చేస్తోంది కూడా. 2019లో చెన్నై నుంచి యాళ్పాణానికి, అంటే జాఫ్నాకు, విమానం నడిపింది అదే. కాన్పూరులో తయారైన డోర్నియర్‌తో 2022 ఏప్రిల్‌లో డిబ్రూగఢ్ నుంచి అరుణాచల్‌లోని పాసీఘాట్‌కు సర్వీసు మొదలుపెట్టిందీ అదే.

అయితే ఇప్పుడు దాని మాతృసంస్థ ఎవరు? ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను అప్పటికే ఎయిర్ ఇండియాలో కలిపేశారు. 2022 జనవరిలో ఆ ఎయిర్ ఇండియా టాటాల చేతికి వెళ్ళినప్పుడు ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ కూడా దానితో వెళ్ళింది, అలయన్స్ ఎయిర్ వెళ్ళలేదు. ఎయిర్ ఇండియాకు మిగిలిన ఆస్తులను చూసుకోవడానికి ప్రభుత్వం పెట్టిన హోల్డింగ్ కంపెనీ కిందే ఉండిపోయింది. ఆ ఏప్రిల్ నుంచి వేరే కోడ్‌తో విడిగా ఎగురుతోంది. తన ఏటీఆర్ తెచ్చి దింపే ప్రయాణికుణ్ణి అందుకునే పెద్ద విమానం ఇప్పుడు దాని కుటుంబంలో లేదు. వాయుదూత్ నష్టానికి ఎదురుగా కనీసం మాతృసంస్థ పద్దులో ఎక్కడో ఒక లాభం ఉండేది; అలయన్స్ ఎయిర్‌కు ఆ మాత్రమూ మిగల్చలేదు. దీన్ని అమ్ముతారా, ఉంచుతారా, ఉంచితే ఏ పని కోసం ఉంచుతారు అన్నది ప్రభుత్వం ఎంత ఆలస్యంగా తేలిస్తే ఆ సంస్థ విలువ అంత పడిపోతుంది.

ఇదంతా ప్రభుత్వ సంస్థల నిర్వాకం, ప్రైవేటు వాళ్ళయితే ఇలా చేయరు అనుకునేవారికి మా బెంగళూరు అనుభవం గుర్తు చేయాలి. 2003లో ఇక్కడ మొదలైన ఎయిర్ డెక్కన్ ఏటీఆర్‌లతో చిన్న ఊళ్ళను కలుపుతూ, రైలు రెండో తరగతి ఏసీ ప్రయాణికుణ్ణి విమానంలోకి తెచ్చింది. 2007లో కింగ్‌ఫిషర్ దానిలో వాటా కొన్నది. మన దేశంలో అప్పుడున్న నియమం ప్రకారం విదేశాలకు ఎగరాలంటే స్వదేశంలో అయిదేళ్ళు నడిచి ఉండాలి, ఇరవై విమానాలు ఉండాలి. 2005లో పుట్టిన కింగ్‌ఫిషర్‌కు ఆ అయిదేళ్ళు నిండలేదు, డెక్కన్‌కు 2008లో నిండుతాయి. చిన్న సంస్థను కొనడంలో దాని వయసు కూడా ఒక ఆకర్షణ అని అప్పుడే అందరూ చెప్పుకున్నారు. 2008లో విదేశీ విమానాలు మొదలయ్యాయి. డెక్కన్ పేరు మారి కింగ్‌ఫిషర్ రెడ్ అయింది. 2011 సెప్టెంబరులో ఆ రెడ్‌ను తీసేస్తున్నట్టు ప్రకటించారు. మరో ఏడాదికి కింగ్‌ఫిషరే ఆగిపోయింది. చౌక ఛార్జీల ప్రయాణికుడు మాకు అక్కర్లేదని చెప్పిన సంస్థకు ఆ తర్వాత ఏ ప్రయాణికుడూ మిగల్లేదు.

కడపవారికి మాత్రం ఇంకో సంగతి గుర్తుండాలి. 2015 జూన్ 7న పునర్నిర్మించిన కడప విమానాశ్రయాన్ని తెరిచినప్పుడు అక్కడికి విమానం నడిపినది బెంగళూరు సంస్థ ఎయిర్ పెగాసస్. విమానాశ్రయంలో విమానాలకు కావలసిన నేలమీది పనులు (గ్రౌండ్ హ్యాండ్లింగ్) చేసే ఒక సంస్థ దాన్ని అనుబంధంగా పెట్టి, ఆ ఏప్రిల్‌లోనే హుబ్బళ్ళి సర్వీసుతో మొదలుపెట్టింది. అద్దెకు తెచ్చిన ఏటీఆర్‌లు మూడే. పుట్టిన మరుసటి ఏడాది జులైలో, విమానాలు అద్దెకిచ్చినవారితో బకాయిల తగాదా ముదిరి, మొత్తం ఆగిపోయింది. ఇక్కడ మాతృసంస్థ వదిలేయలేదు, దానికి అంత శక్తే లేదు. మూడు విమానాల సంస్థలో ఒకటి మరమ్మతుకు వెళితే మూడోవంతు ప్రయాణాలు రద్దయినట్టే. రద్దయిన ప్రయాణాల డబ్బు వాపసు ఇవ్వాలి, అద్దె మాత్రం డాలర్లలో నెలనెలా కట్టాలి. మారతహళ్ళిలో, కృష్ణరాజపురంలో ఉండే రాయలసీమవారు అప్పట్లో ఆ విమానం టైము అడగడానికి ఫోన్ చేసేవారు. పండక్కి వెళ్ళాలంటే రాత్రి బస్సే గతి అనుకున్నవాళ్ళు ఉత్సాహపడ్డారు. సీటు దొరికితే ఎక్కడానికి మనుషులు లేకపోలేదు.

చిన్న ఊళ్ళకు విమానాలు నడిపించడానికి కేంద్రం పెట్టిన ఉడాన్ పథకం వచ్చాక ఈ లోపాల్లో ఒకటి సరిదిద్దారని ఒప్పుకోవాలి. 2016లో ప్రకటించిన ఆ పథకంలో గంట ప్రయాణానికి సుమారు 2,500 రూపాయల పరిమితి పెట్టి, సగం సీట్లను ఆ ధరకు ఇచ్చి, అందువల్ల వచ్చే లోటును లోటు భర్తీ నిధి నుంచి చెల్లిస్తారు; రాష్ట్రాలు అందులో వాటా భరిస్తాయి. వాయుదూత్‌కు ఎన్నడూ దక్కని మేలు ఇదే: లోటు ఎంతో, ఎవరు ఇస్తారో కాగితం మీద ఉంది. 2017 ఏప్రిల్ 27న ప్రధాని మొదటి ఉడాన్ సర్వీసులకు జెండా ఊపినప్పుడు, సిమ్లా–ఢిల్లీ సర్వీసును అలయన్స్ ఎయిర్, కడప–హైదరాబాద్ సర్వీసును ట్రూజెట్ నడిపాయి. కానీ ఆ చెల్లింపు మూడేళ్ళకే. మూడేళ్ళు నిండిన మరుసటి రోజు నుంచి అదే రూటు, అదే విమానం పూర్తిగా తన కాళ్ళ మీద తాను నిలబడాలి. కాగ్ 2023లో ఇచ్చిన నివేదిక ఈ ఏర్పాటు ఫలితాన్ని లెక్కలతో చూపింది: మొదటి మూడు విడతల్లో కేటాయించిన 774 రూట్లలో 403 అసలు మొదలే కాలేదు, మొదలైన 371లో 112 మాత్రమే మూడేళ్ళు పూర్తి చేశాయి, ఆ పైన 2023 మార్చి నాటికి నిలిచినవి 54. ట్రూజెట్ 2022 ఫిబ్రవరిలో ఆగిపోయింది. ఆ తర్వాత కడపకు ఇండిగో ఏటీఆర్‌లు వచ్చాయి.

ఇండిగో ప్రస్తావన వచ్చింది కాబట్టి ఎవరైనా అడగవచ్చు: 2017 డిసెంబరు నుంచి ఆ సంస్థ ఏటీఆర్‌లను వేరే అనుబంధ సంస్థ పెట్టకుండా తన పేరుతోనే నడుపుతోంది కదా, అసలు ఈ అనుబంధ సంస్థల గోలెందుకని. ప్రశ్న న్యాయమైనదే. చిన్న విమానం తెచ్చిన ప్రయాణికుణ్ణి పెద్ద విమానం అందుకున్నప్పుడు రెండు ఛార్జీలూ ఒకే ఖాతాలో పడతాయి గనుక, ఏ రూటు నిజంగా నష్టమో ఆ సంస్థకు తేలిగ్గా తెలుస్తుంది. వ్యాపారంగా అది మేలైన పద్ధతి. అయితే అలాంటి సంస్థ తనకు గిట్టిన ఊళ్ళకే వెళుతుంది, గిట్టనప్పుడు మానేస్తుంది, దాన్ని తప్పుపట్టలేం. పాసీఘాట్‌కు డోర్నియర్ వేయమంటే అది వేయదు. గిట్టని ఊళ్ళకూ వెళ్ళే విమానం ఒకటి దేశానికి అవసరమని ప్రభుత్వం భావిస్తే దానికి విడిగా సంస్థ ఉండవలసిందే, ఆ పనికి విడిగా డబ్బు చెల్లించవలసిందే. ఆ డబ్బు ఇవ్వకుండా పని మాత్రం అప్పగించడమే వాయుదూత్‌లో జరిగిన పొరపాటు.

అందువల్ల మీ పత్రిక ద్వారా మన రెండు రాష్ట్రాల పార్లమెంటు సభ్యులకు నా విన్నపం ఇది. ‘మా ఊరికి విమానం వేయండి’ అన్న వినతిపత్రంతో పాటు, అలయన్స్ ఎయిర్ నడిపే ప్రతి రూటు ఆదాయమూ ఖర్చూ విడివిడిగా సభ ముందు పెట్టమని అడగండి. లోటు భర్తీని మూడేళ్ళ చివర ఒక్కసారిగా ఆపే బదులు, సీట్లు నిండుతున్న కొద్దీ ఏటేటా తగ్గించుకుంటూ పోయే పద్ధతిని పరిశీలించమని కోరండి. సర్వీసు ఎత్తివేసేవారు కనీసం ఒక సీజను ముందే ప్రకటించాలన్న షరతు ఒప్పందంలో చేర్పించండి. టికెట్ కొన్నవాడికి వారం ముందు ‘రద్దు’ అని సంక్షిప్త సందేశం పంపితే, ఆ కుటుంబం మరోసారి ఆ విమానాన్ని నమ్మడానికి ఏళ్ళు పడుతుంది. ఆ నమ్మకం పోయిన చోట ‘ప్రయాణికులు లేరు’ అని రాయడం సులభమే.

మీకూ ఒక చిన్న మనవి. కొత్త సర్వీసు ప్రారంభమైనప్పుడు మీరు మొదటి పేజీలో రిబ్బన్ కత్తిరిస్తున్న ఫోటో వేస్తారు. ఆ ఫోటో కింద, ఆ రూటుకు లోటు భర్తీ ఏ తేదీతో ముగుస్తుందో కూడా ఒక వరుసలో వేయండి.

ఇట్లు,
విశ్రాంత టికెటింగ్ ఉద్యోగి,
మారతహళ్ళి, బెంగళూరు